సర్వర్ల వాళ్ళు కలిసే చోటికి వెళ్ళండి

అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు పూర్తిచేసినవాళ్ళ రెజ్యూమేలు వరసగా పది చూస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. లినక్స్, డాకర్, కుబెర్నెటిస్, జెంకిన్స్, ఏదో ఒక క్లౌడ్ సర్టిఫికెట్. ప్రాజెక్టు కూడా ఇంచుమించు అందరిదీ ఒకటే. తప్పు కోర్సుది కాదు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పుతారు గానీ వర్షంలో ఘాట్ రోడ్డు ఎక్కించరు కదా. ఇంటర్వ్యూలో మాత్రం ఘాట్ రోడ్డు గురించే అడుగుతారు: "అర్ధరాత్రి రెండింటికి సైట్ పడిపోయింది, మొదట ఏం చూస్తావు?" దీనికి జవాబు అలాంటి రాత్రులు గడిపినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. వాళ్ళు మనసు విప్పి మాట్లాడుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. మన విద్యార్థులు అక్కడ తక్కువగా కనిపిస్తారు.

సిస్టమ్ అడ్మిన్లు, నెట్‌వర్క్ ఇంజనీర్లు, డేటాబేస్ చూసేవాళ్ళు, ఈమధ్య ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజనీర్) అని పిలిపించుకుంటున్నవాళ్ళు తమకు తామే చిన్న చిన్న సదస్సులు నడుపుకుంటారు. నిర్వాహకుల్లో ఎక్కువమంది పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. హాలు అద్దె, భోజనాల ఖర్చు టికెట్ల మీద, కొద్దిమంది స్పాన్సర్ల మీద గడుస్తుంది. పెద్ద కంపెనీలు హోటళ్ళలో, కన్వెన్షన్ సెంటర్లలో జరిపే ఆర్భాటాలతో వీటిని కలపకండి. ఆ ఆర్భాటాల్లో కొత్త సరుకు ఎంత బాగుందో చెబుతారు. ఈ చిన్న సభల్లో ఆ సరుకు వాడుకలో ఎక్కడ విరిగిందో చెబుతారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు రెండోదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం, టీ షర్టులు మాత్రం మొదటి చోటే బాగుంటాయి.

ఈ కోవలో ప్రపంచమంతా తెలిసిన పేరు డెవాప్స్‌డేస్. దాని పుట్టుక కొత్తవాళ్ళు తెలుసుకోదగ్గది. బెల్జియంకు చెందిన ప్యాట్రిక్ డెబ్వా 2007లో అక్కడి ప్రభుత్వ శాఖ ఒకదాని డేటా సెంటర్ తరలింపులో పనిచేశాడు. కోడ్ రాసేవాళ్ళు ఒక వైపు, సర్వర్లు నడిపేవాళ్ళు ఇంకో వైపు, మధ్యలో ఈయన నలిగిపోయాడు. 2008లో టొరంటోలో జరిగిన ఎజైల్ సదస్సుకు వెళ్తే, ఆండ్రూ క్లే షేఫర్ అనే ఇంజనీరు సరిగ్గా ఈ సమస్య మీదే చర్చ పెడతానని ప్రకటించి ఉన్నాడు. చర్చకు వచ్చింది డెబ్వా ఒక్కడే. ఎవరూ రారనుకుని షేఫర్ కూడా ఎగ్గొట్టాడు! డెబ్వా తిరిగి వెళ్ళిపోలేదు. షేఫర్‌ను వెతికి పట్టుకుని కారిడార్‌లోనే ఆ చర్చ జరిపాడు.

మరుసటి ఏడాది జూన్‌లో అమెరికాలో వెలాసిటీ సదస్సు జరిగింది. ఫొటోల సైట్ ఫ్లికర్‌లో పనిచేసే జాన్ ఆల్స్‌పా, పాల్ హామండ్ తమ సైట్‌కు రోజుకు పది సార్లకు పైగా కొత్త కోడ్ ఎలా ఎక్కిస్తున్నారో ఆ వేదిక మీద చెప్పారు. చాలా సంస్థల్లో కొన్ని నెలలకొకసారి కోడ్ ఎక్కించడమే గండంగా గడిచే రోజులవి. డెబ్వా దాన్ని బెల్జియంలో కూర్చుని ఇంటర్నెట్‌లో చూశాడు. అక్కడికి వెళ్ళలేకపోయినందుకు నొచ్చుకుని, 2009 అక్టోబర్ 30, 31 తేదీల్లో ఘెంట్ నగరంలో తనే ఒక సదస్సు పెట్టాడు. మీ రెజ్యూమేలో మొదటి వరసలో ఉన్న డెవాప్స్ అన్న మాట చలామణిలోకి వచ్చింది ఆ సదస్సు పేరు నుంచే. ఆ తర్వాత అనేక దేశాల్లో స్థానిక వలంటీర్లు తమ ఊళ్ళలో అదే పేరుతో నడుపుతూ వచ్చారు.

డెవాప్స్‌డేస్‌లో సాధారణంగా పొద్దున ప్రసంగాలు ఉంటాయి. తర్వాత ఇగ్నైట్ అనే పొట్టి ప్రసంగాలు: 20 స్లైడ్లు, ఒక్కోటి 15 సెకన్లకు దానంతటదే మారిపోతుంది, అయిదు నిమిషాల్లో దిగిపోవాలి. మధ్యాహ్నం ఓపెన్ స్పేస్. విద్యార్థి టికెట్ డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1980లలో రూపొందించిన పద్ధతి ఇది. ముందే ఖరారైన అంశాలు ఉండవు. మాట్లాడాలనుకున్నది కాగితం మీద రాసి బోర్డుకు అంటిస్తే, దానికో గది, ఓ సమయం కేటాయిస్తారు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. చర్చ మీకు పనికిరాదనిపిస్తే లేచి వేరే గదికి వెళ్ళొచ్చు, ఎవరూ మర్యాద తప్పారనుకోరు.

అంశం నిపుణులే పెట్టాలన్న నియమం లేదు. "కొత్తగా ఆన్‌కాల్ డ్యూటీలో పడ్డవాడు మొదటి నెలలో ఏం నేర్చుకోవాలి?" అని రాసి అంటించండి. పదేళ్ళుగా పేజర్ మోతకు నిద్రలేస్తున్నవాళ్ళు నలుగురైనా వచ్చి కూర్చుంటారు. వాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం కుదరదు. ఒకరు లాగ్‌లు చూడమంటే ఇంకొకరు ముందు ఆఖరి మార్పును వెనక్కి తీసుకోమంటారు. ఆ వాదన శ్రద్ధగా వినండి. ఇంటర్వ్యూ చేసేవాడికి కావలసింది మీ ఆలోచన ఏ వరసలో నడుస్తుందో తెలియడమే.

ఈ రంగంలో వైఫల్యాలను దాచకుండా చెప్పుకోవడం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్ మీదే డైరెక్టరీ తుడిచేసే ఆదేశం ఇచ్చాడు. తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లు అయిదు ఉన్నాయనుకున్నారు, అవసరానికి ఒక్కటీ సరిగ్గా ఆదుకోలేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ కలవక రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి తెలపాల్సిన ఈమెయిళ్ళను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది. చివరికి దిక్కయింది, వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక నకలు. కంపెనీ ఇదంతా పూసగుచ్చినట్టు బయటపెట్టింది, డేటా తిరిగి తెచ్చే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. బ్యాకప్ తీయడం కోర్సులో చెబుతారు. తీసిన బ్యాకప్ నుంచి డేటా వెనక్కి వస్తుందో లేదో అప్పుడప్పుడు తెచ్చి చూసుకోవాలన్నది ఇలాంటి కథలు విన్నవాళ్ళకు ఒంటబడుతుంది. చిన్న సదస్సుల్లో వినిపించేవి చాలావరకు ఈ కథలే. వాటిలో కొన్ని రికార్డింగ్ ఆపేశాక చెబుతారు.

వినడంతో ఆగిపోకండి, ప్రసంగానికి దరఖాస్తు చెయ్యండి. "నాకేం తెలుసని?" అంటారు. మీరు కుబెర్నెటిస్ గురించి చెప్పబోతే నిజంగానే ఎవరికీ అక్కర్లేదు, హాల్లో సగం మందికి అది మీకన్నా బాగా తెలుసు. మీకు మాత్రమే తెలిసింది ఒకటి ఉంటుంది: మీ చేతిలో ఏం చెడింది, ఎలా కనుక్కున్నారు. కాలేజీ ల్యాబ్‌లో ఒకే పాత మెషీన్ మీద అరవై మంది ఒకేసారి లాగిన్ అయితే ఏమైంది? ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్‌లో లాగ్ ఫైళ్ళు డిస్క్‌ను నింపేస్తే ఎంతసేపటికి తెలిసింది, ఎవరు చెబితే తెలిసింది? ప్రతిపాదనలో సమస్యను రెండు వాక్యాల్లో రాయండి. మొదట దేన్ని అనుమానించారో, ఆ అనుమానం ఎందుకు తప్పయిందో రాయండి. విన్నవాళ్ళు మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఏం మార్చుకోగలరో చివర్లో చెప్పండి. "నేటి డిజిటల్ యుగంలో" అని మొదలుపెట్టిన ప్రతిపాదనను చదివేవాడు అక్కడే వదిలేస్తాడు. తిరస్కరించినా చింత లేదు. అడిగితే కారణం చెప్పే నిర్వాహకులు ఉంటారు, ఆ కారణం వచ్చేసారికి పనికొస్తుంది.

ఇంగ్లీషు భయం చాలామందిని వెనక్కి లాగుతుంది. ఈ సభల్లో వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. స్క్రీన్ మీద గ్రాఫ్ పెట్టి "ఇక్కడ మెమరీ పెరిగింది, ఇక్కడ ప్రాసెస్ చచ్చిపోయింది" అని వేలు పెట్టి చూపిస్తే చాలు. మొదటిసారికి అయిదు నిమిషాల ప్రసంగం సరిపోతుంది. ఇంట్లో గడియారం పెట్టుకుని బిగ్గరగా చెప్పి చూసుకోండి.

టికెట్ కొనలేనివాళ్ళు వలంటీరుగా వస్తామని రాయొచ్చు. విద్యార్థులకు తగ్గింపు ఉందేమో కూడా అడగండి, చాలాచోట్ల ఉంటుంది. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చుంటే వచ్చిన ప్రతి మనిషి పేరూ పనిచేసే చోటూ కళ్ళబడతాయి. వక్తలకు మైకు తగిలించే పని దొరికితే మరీ మంచిది. సహాయం చేసినవాడి ముఖం గుర్తుంటుంది. ఒక్క హెచ్చరిక: వక్తతో పరిచయమైన రెండో నిమిషంలో "సర్, రిఫరల్ ఇస్తారా?" అనకండి. ఆయన ప్రసంగంలో మీకు అర్థంకాని ఒక్క విషయం అడగండి. ఇంటికెళ్ళి దాన్ని మీ ల్యాప్‌టాప్ మీద చేసి చూడండి. ఏం వచ్చిందో వారంలోపు ఆయనకు నాలుగు వరసల్లో రాయండి. అలా రాసేవాళ్ళు అరుదు. తర్వాత ఆయన టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు తలుచుకునే అవకాశం ఉంటుంది.

మనకు అందుబాటులో ఏమున్నాయి? బెంగళూరు కేంద్రంగా హస్‌గీక్ అనే సంస్థ నడిపే రూట్‌కాన్ఫ్ ఈ రంగానికే ప్రత్యేకం. దానికి వచ్చే ప్రతిపాదనలు అందరికీ కనిపించేలా ఉంటాయి కాబట్టి రాసే పద్ధతి అక్కడే నేర్చుకోవచ్చు. నెట్‌వర్కింగ్ వైపు మొగ్గు ఉన్నవాళ్ళు సానోగ్ చూడాలి. 2003లో కాఠ్మండులో మొదలైన ఈ వేదిక దక్షిణాసియా దేశాల్లో మారుతూ జరుగుతుంది, చేతితో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు దాని బలం. దూరం వెళ్ళలేనివాళ్ళ కోసం ఫెలోషిప్‌లు కూడా ఇచ్చేవారు. మన దేశంలోని నెట్‌వర్క్ ఇంజనీర్లకు ఇన్నోగ్ ఉంది. ఈ వైపు పని మన దగ్గరికే వస్తోంది కూడా: అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను (డేటా సెంటర్ల సముదాయాన్ని) 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రారంభించింది, విశాఖలో భారీ ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్లు వస్తున్నాయంటే రౌటింగ్, స్టోరేజ్, కరెంటు, కూలింగ్ తెలిసిన మనుషులు కావాలి. అప్లికేషన్ కోడింగ్ కోర్సుల కోసమే వరస కట్టేవాళ్ళు ఈ వైపు కూడా ఓసారి చూడడం మంచిది.

వరంగల్‌లోనో తిరుపతిలోనో ఉన్నవాళ్ళకు బెంగళూరు ప్రతిసారీ కుదరదు. మీ ఊళ్ళోనే మొదలుపెట్టండి. ఓపెన్ స్పేస్‌కు కావలసింది ఓ తరగతి గది, బోర్డు, కాగితాలు, పదిహేను మంది. దగ్గర్లోని కంపెనీలోనో, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలోనో, విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌లోనో సర్వర్లు చూసుకునే ఒకరిని పిలవండి. స్లైడ్లు తేవద్దని, తన సర్వీసులో అన్నిటికన్నా ఘోరమైన రాత్రి గురించి చెప్పమని ముందే అనండి. ఎవరూ దొరకకపోతే గిట్‌ల్యాబ్ నివేదిక ప్రింట్ తీసుకుని కలిసి చదవండి. సగం చదివాక ఆపి, "ఈ దశలో నువ్వైతే ఏం చేసేవాడివి?" అని ఒక్కొక్కరినీ అడగండి. గంటన్నర చాలు.