పాఠం 14: చిన్న కోతతో వెన్నెముక శస్త్రచికిత్స

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డిస్కు జారితే కాలిలో నొప్పి ఎందుకు వస్తుందో చెప్పగలుగుతారు.
• శస్త్రచికిత్సలో కోత ఎలా చిన్నదైందో వివరించగలుగుతారు.
• శస్త్రచికిత్స ఎప్పుడు అవసరమో గుర్తించగలుగుతారు.

14.2 డిస్కు అంటే ఏమిటి?

మీ వీపు మధ్యలో చేత్తో తడిమి చూడండి. వరసగా గట్టిగా తగిలేవి వెన్నుపూసల కొనలు. మెడ నుంచి నడుము వరకు పూసల మధ్య 23 బిళ్ళలు ఉంటాయి. వీటినే డిస్కులు అంటారు. డిస్కు లోపల తాటిముంజలాంటి మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి నారల వలయం ఉంటాయి. వలయం చిట్లితే గుజ్జు బయటికి వచ్చి పక్కనున్న నాడిని నొక్కుతుంది. నడుము కింది భాగంలో ఇలా జరిగితే నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకుతుంది. దీనిని సయాటికా అంటారు. అంటే లోపం నడుములో, బాధ కాలిలో!

14.3 కోత చిన్నదైన తీరు

అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ 1934లో ఈ సంబంధాన్ని స్పష్టంగా వివరించారు. ఆనాటి శస్త్రచికిత్సలో పెద్ద కోత పెట్టి, కండరాలను ఎముక నుంచి వేరుచేసి, కొంత ఎముకను కూడా తొలగించేవారు. తీయవలసింది చిన్న ముక్క. దానిని చేరే దారి మాత్రం పెద్దది. ఈ దారిని చిన్నది చేయడమే తరువాతి వైద్యుల ప్రయత్నం.

1977లో స్విట్జర్లాండ్‌లో యాసర్గిల్, జర్మనీలో కాస్పర్ మైక్రోస్కోపు సాయంతో చిన్న కోత నుంచి డిస్కును తొలగించే పద్ధతిని ప్రకటించారు. 1997లో అమెరికాలో ఫోలీ, స్మిత్ గొట్టం పద్ధతిని వివరించారు. ఇందులో సన్నని గొట్టం మీద కొంచెం లావు గొట్టాన్ని తొడుగుతూ పోతారు. కండరం తెగదు, దాని పోగులు పక్కకు జరుగుతాయి. ఎండోస్కోపు లోపలి దృశ్యాన్ని తెర మీద చూపుతుంది. నేటి పూర్తి ఎండోస్కోపు పద్ధతిలో సుమారు ఒక సెంటీమీటరు కోత చాలు.

14.4 కోత చిన్నదైతే చాలా?

నెదర్లాండ్స్‌లో 328 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఏడాది తరువాత చూస్తే, గొట్టం పద్ధతి మైక్రోస్కోపు పద్ధతికన్న మెరుగైన ఫలితం ఇవ్వలేదు. కాబట్టి కోత పొడవు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. వైద్యుని అనుభవం, రోగి అవసరం ముఖ్యం.

సయాటికా చాలామందిలో కొన్ని వారాలలో శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. ఏ నొప్పీ లేనివారి స్కానింగులో కూడా డిస్కు ఉబ్బు కనబడవచ్చు. అయితే మూత్రం ఆగిపోయినా, మల మూత్రాలపై అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, కాళ్ళ బలం వేగంగా తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పాఠ్యగత ప్రశ్న

ఒక నేత కార్మికునికి పది రోజులుగా కాలినొప్పి ఉంది. కాలిలో బలం, మూత్రంపై అదుపు బాగానే ఉన్నాయి. “చిన్న కోతే కదా, రేపే చేయించుకో” అని పొరుగువారు అన్నారు. మీరైతే ఏం చెబుతారు? కారణం రాయండి.

జవాబు: తొందర అవసరం లేదు. వైద్యుని సలహాతో మందులు వాడుతూ, వీలైనంత వరకు నడుస్తూ కొన్ని వారాలు చూడవచ్చు. పైన చెప్పిన ప్రమాద సూచనలు కనబడితే మాత్రం ఆగకూడదు.

14.5 మీరు నేర్చుకున్నది

కొత్త పరికరాలు శస్త్రచికిత్స దారిని చిన్నది చేశాయి. ఆ దారి పట్టాలా వద్దా అన్నది మాత్రం రోగి లక్షణాలను బట్టే తేలుతుంది.