జురాంగ్ చిత్తడిలో ఫ్యాక్టరీలు

మ్యాపులో సింగపూర్ చిన్న చుక్క. ఆ నగరానికి పరిశ్రమలు తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు గో కెంగ్ స్వీ.

ఆయన 1918లో మలక్కాలో పుట్టారు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉద్యోగం చేశారు. పేదల ఆదాయం ఎంత, ఇళ్ళు ఎట్లా ఉన్నాయి అని సర్వే చేశారు. లండన్‌లో ఆర్థిక శాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు.

1959లో ఆర్థిక మంత్రి అయ్యారు. అప్పుడు నిరుద్యోగం ఎక్కువ. ఓడరేవు వ్యాపారం ఒక్కటే అందరికీ పని చూపలేదు. అందుకే 1961లో ఆర్థికాభివృద్ధి బోర్డు పెట్టించారు. జురాంగ్ చిత్తడి నేలను చదును చేయించి రోడ్లు, కరెంటు, నీళ్ళు ముందే సిద్ధం చేయించారు. మొదట్లో ఫ్యాక్టరీలు పెద్దగా రాలేదు. దానికి ‘గో పిచ్చిపని’ అనే పేరు పడింది! తరువాత విదేశీ కంపెనీలు వచ్చాయి. వేలమందికి పని దొరికింది.

1979లో విద్యామంత్రి అయ్యారు. మధ్యలో బడి మానేసే పిల్లల సమస్యపై నివేదిక ఇచ్చారు. 2010లో మరణించారు.

ఇంకో సంగతి. జురాంగ్‌లో అంతకుముందు రొయ్యల చెరువులు, చేపలు పట్టేవాళ్ళ పల్లెలు ఉండేవి. ఆ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఎందరికి పని దొరికిందో రాసేటప్పుడు, ఎందరు ఊరు వదిలారో కూడా పక్కనే రాయాలి.

ఆలోచించండి: మన ఊరికి ఫ్యాక్టరీ వస్తే ముందు ఏమేమి లెక్క తీయాలి?