కొల్లేటి సరస్సు

కృష్ణా గోదావరీ నదులు యుగయుగములుగ తెచ్చిన ఒండ్రుమట్టితో వాని డెల్టాలు మెరకలెక్కెను. ఆ రెండింటి నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏళ్లును, పొలముల మురుగుకాలువలును దీనిలో కలియుచున్నవి. నీరు వెలువడుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటియే మార్గము. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమును చేరును.

వచ్చు దారులు పెక్కు, పోవు దారి యొకటి! అందుచేతనే వానకాలమున కొల్లేరు పెద్ద పళ్లెమువలె విస్తరించి, వరదను తనలో నిలుపుకొని, మెల్లమెల్లగ సముద్రమునకు విడుచును. వేసవిలో కుంచించుకొనిపోవును. ఈ పెరుగుట తరుగుటలే దాని ఆరోగ్యము. నీటి యంచుల దట్టముగ పెరుగు కిక్కిస మురుగునీటి వేగము నణచి, మట్టిని నిలిపి, అందలి ఎరువును తాను గ్రహించును. నీటిమొక్కల నడుమ కొఱ్ఱమీనులు గ్రుడ్లు పెట్టి పిల్లలను కాచుకొనును. చేపలకై గూడబాతులును, కొంగలును వేలకొలదిగ చేరును. లంకగ్రామములవారు తాటిదోనెలపై తిరుగుచు, వలలు వేసి జీవించెడివారు.

1970 తరువాతి కాలమున సరస్సులో చేపల చెరువులు వెలసెను. బీద మత్స్యకారుల సహకార సంఘములకని త్రవ్వించిన చెరువులు పెక్కు క్రమముగ ధనవంతుల చేతులలోనికి పోయినవి. గట్టునకు గట్టు తోడై సరస్సు గళ్లుగళ్లుగ చీలిపోయెను. కిక్కిస పోయినది, చేపల మేతయు, మందులును నీట మిగిలినవి. వరద సాగుటకు దారిలేక ఎగువ పొలములపై నిలిచెను. వేసవిలో సరస్సు మట్టము తగ్గగనే సముద్రపు పోటుతో ఉప్పునీరు ఉప్పుటేటి వెంట లోనికి ఎక్కివచ్చుచుండెను. చుట్టును నీరున్నను లంకలవారికి త్రాగునీరు కొనుక్కొనవలసిన దుర్దశ పట్టినది.

1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును ప్రభుత్వము అభయారణ్యముగ ప్రకటించెను. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశానుసారము అధికారులు వేలాది ఎకరముల చెరువుగట్లను తెగగొట్టించిరి. కొన్నిచోట్ల ఆ గట్లు మరల లేచినవి. దీనికి దురాశ యొకటియే కారణమనుట న్యాయము కాదు. అభయారణ్యపు హద్దులలో పట్టాభూములు గల చిన్నరైతులును కలరు. భూమి విడిచినచో వారికి బ్రదుకు తెరు వేది?

కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు నేటికిని పిల్లలను పెంచుచున్నవి. చెట్లు చాలనందున, నీటి నడుమ అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై అవి పుల్లలు చేర్చి గూళ్లు కట్టుకొనుచున్నవి.