ఆ మధ్యవర్తి ఎవరి మనిషి?

మొన్న మా మేనల్లుడు ఆఫర్ లెటర్ పట్టుకొచ్చాడు. జీతం, వేరియబుల్, నోటీసు పీరియడ్ అన్నిటికీ పసుపు మార్కర్ గీతలున్నాయి. పద్నాలుగో పేజీ మాత్రం తెల్లగా ఉంది. ఇదేమిట్రా అంటే, "ఏం లేదు మామయ్యా, గొడవొస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలట. మంచిదేగా, కోర్టు చుట్టూ తిరిగే పని లేదు" అన్నాడు. వాడి మనసులో ఉన్నది మా ఊళ్లో అరుగు మీద కూర్చునే పెద్దమనిషి. కాగితంలో ఉన్నది ఆర్బిట్రేటర్.

చిక్కంతా మన మాటలోనే ఉంది. ఇద్దరి మధ్య కూర్చున్న ప్రతివాణ్నీ మనం మధ్యవర్తి అనేస్తాం. మన పెద్దమనిషి ముందు రాజీకి చూస్తాడు, కుదరకపోతే తనే తీర్పు చెప్పేస్తాడు. చట్టం మాత్రం ఎవరి కుర్చీ వాళ్లకు వేసింది. మీడియేటర్ ఇద్దరి చేతా మాట్లాడిస్తాడు. ఒప్పుకుంటే ఒప్పందం, లేదంటే లేచి రావచ్చు. దీనికోసం 2023లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. కన్సిలియేషన్ కూడా ఇంచుమించు ఇదే. ఆర్బిట్రేటర్ అలా కాదు. మీకు నచ్చినా నచ్చకపోయినా నిర్ణయం రాసేస్తాడు. దాని పేరు అవార్డు. ఆ మాట వినగానే శాలువా, పూలదండ గుర్తొస్తాయి గానీ, ఇది కోర్టు డిక్రీలాగే అమలయ్యే తీర్పు. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం దానికి ఆ బలం ఇచ్చింది.

అవార్డు నచ్చకపోతే పైకోర్టుకు పోదాంలే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 34 కింద కోర్టుకు వెళ్లొచ్చు, కానీ అక్కడ సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటినుంచీ తిరగేయరు. పద్ధతి తప్పిందా, పక్షపాతం జరిగిందా లాంటి కొన్ని కారణాలే చూస్తారు. అదీ అవార్డు చేతికొచ్చిన 3 నెలల్లోపు. సరైన కారణం చూపితే మరో 30 రోజులు, ఆపైన ఒక్కరోజు కూడా లేదు.

అందుకే సంతకానికి ముందు చూడాల్సింది, ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారన్నది. మావాడి కాగితంలో "కంపెనీ నియమించే ఏకైక ఆర్బిట్రేటర్" అని ఉంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, అది గుర్తొచ్చింది. పిల్లిని తెచ్చేది కూడా ఒక పిట్టే అయితే ఇంకేం చెప్పాలి! 2015 సవరణ తర్వాత కంపెనీ ఉద్యోగి, సలహాదారు లాంటివాళ్లు ఆర్బిట్రేటర్‌గా కూర్చోవడానికి పనికిరారు. ఫలితంతో సంబంధమున్నవాళ్లు ఏకైక ఆర్బిట్రేటర్‌ను తామే నియమించడం కూడా కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నియామకం దగ్గర్నుంచీ ప్రతి దశలోనూ ఇరుపక్షాలకూ సమాన స్థానం ఉండాలని 2024లో రాజ్యాంగ ధర్మాసనమూ అంది. అయినా పాత క్లాజులు పాత కంప్యూటర్లలోంచి అలాగే ప్రింటవుతూ వస్తున్నాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గొడవ మొదలయ్యాక మీకో ఉత్తరం రావచ్చు: ఫలానా వారిని నియమిస్తున్నాం, మీకు అభ్యంతరం లేదని సంతకం చేసి పంపండి అని. గొడవ వచ్చిన తర్వాత మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కూర్చోకూడని మనిషి కూడా కూర్చోవచ్చు. కాబట్టి మర్యాదకు పోయి సంతకం చేయొద్దు. ఇద్దరికీ ఇష్టమైన పేరు కావాలని తిరిగి రాయండి. 30 రోజుల్లో కుదరకపోతే నియామకం కోసం హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. అలాగని వచ్చిన నోటీసును బీరువాలో పడేసి ఊరుకోకూడదు. మీరు వెళ్లకపోయినా విచారణ నడుస్తుంది, అవార్డూ వస్తుంది.

తర్వాత "సీట్" అన్న మాట. ఇది కుర్చీ కాదు, ఊరు. విచారణకు మీరు హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని వీడియోలో హాజరైనా సరే, సీటు ముంబై అని రాసుంటే కోర్టు పనులన్నిటికీ ముంబై వెళ్లాల్సిందే. కూర్చుని మాట్లాడే చోటు "వెన్యూ", అది వేరు. క్లాజులో "షల్" అని ఉందో "మే" అని ఉందో కూడా చూడండి. ఇరుపక్షాలూ అలా నిర్ణయించుకుంటేనే ఆర్బిట్రేషన్ అన్న అర్థంలో రాసిన క్లాజు అసలు ఆర్బిట్రేషన్ ఒప్పందమే కాదని సుప్రీంకోర్టు 2007లో తేల్చింది.

ఖర్చు సంగతి ఎవరూ ముందు చెప్పరు. జడ్జి జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఆర్బిట్రేటర్ ఫీజు మనం ఇవ్వాలి. ఆర్బిట్రేషన్ చట్టంలోని నాలుగో షెడ్యూలు నమూనా ప్రకారం 5 లక్షల లోపు తగాదాకు ఫీజు 45,000 రూపాయలు. ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే దాని మీద 25 శాతం అదనం, అంటే 56,250. ఈ రేటే అన్నిచోట్లా ఉండాలని లేదు గానీ, రెండు నెలల జీతం బాకీ కోసం దిగేవాడు ఈ లెక్క వేసుకునే దిగాలి.

నిజానికి చాలామంది ఉద్యోగులకు ఆర్బిట్రేషన్ గుమ్మం ఎక్కే అవసరమే ఉండదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పైలట్లు జీతం బాకీల కోసం లేబర్ కోర్టుకు వెళితే, కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది కాబట్టి అక్కడికే పంపాలని కంపెనీ వాదించింది. కార్మిక చట్టం కిందికి వచ్చే తగాదాను అలా బయటికి తరలించడం కుదరదని 2012లో బొంబాయి హైకోర్టు అంది. మీ పని ఆ చట్టం చెప్పే కార్మికుడి నిర్వచనంలోకి వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. హోదా పేరులో మేనేజర్ అని ఉన్నంత మాత్రాన రాదని అనుకోవద్దు, రోజూ చేసే పనేమిటో చూస్తారు. వచ్చేటట్టయితే కార్మిక శాఖలో రాజీ అధికారి ముందుకు వెళ్లండి. డబ్బు పెట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు, ఫోను 15100. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు. కానీ ఒప్పుకున్నాక దాని మీద అప్పీలు లేదు, ఆ సంతకం నిదానంగా పెట్టాలి.

ఒక్క మాట గడువు గురించి. జీతం బాకీలాంటి డబ్బు దావాకు మామూలుగా 3 ఏళ్లే. "చూద్దాం సార్, వచ్చే నెల" అని హెచ్‌ఆర్ ఫోన్లో అన్న మాట ఆ గడియారాన్ని ఆపదు. ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క, మీ నోటీసు అవతలివాళ్లకు అందిన రోజునుంచి. పోస్టు రసీదు దాచుకోండి.

మావాడు కంపెనీకి మెయిల్ రాశాడు: ఆర్బిట్రేటర్‌ను ఇద్దరి అంగీకారంతో నియమించాలి, సీటు హైదరాబాద్ ఉండాలి అని. నాలుగు రోజులకు జవాబొచ్చింది. నియామకం వాక్యం మార్చి పంపారు. సీటు మాత్రం ముంబైలోనే ఉంది.