భూమి నేర్పు ధ్యానము

ఢిల్లీ నగరమున కరోల్‌బాగ్‌కు చేరువనున్న ఓల్డ్ రాజిందర్ నగర్, 1947 నాటి దేశవిభజన తరువాత పడమటి నుండి తరలివచ్చిన కాందిశీకులకై ఏర్పడిన పేట. తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ పేరు దానికి పెట్టబడినది. పుట్టిన నేలను కోల్పోయినవారు మరల కాలూనుకొనిన చోటు అది. నేడచ్చట వేరొక విధమైన వలస కానవచ్చును. సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను యువజనులు దేశపు నలుమూలల నుండి వచ్చి, ఇరుకు గదులలో ఏండ్ల తరబడి నివసించుచున్నారు. వారిలో తెలుగువారును పెక్కుమంది కలరు.

2023వ సంవత్సరపు పరీక్షకు 10 లక్షలకు పైగా దరఖాస్తులు రాగా, తుదకు ఎంపికయినవారు 1,016 మంది మాత్రమే. తక్కినవారందరును బుద్ధిహీనులు కారు, శ్రమింపనివారును కారు. అయినను ఫలితములు వెలువడిన నాడు, తమ జీవితమే వ్యర్థమైనదని కుంగిపోవువారనేకులు. 2024 జులై 27వ తేదీన ఆ పేటలోని ఒక శిక్షణాలయపు నేలమాళిగ గ్రంథాలయములోనికి వాననీరు ముంచుకొని వచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. వెలుతురును, గాలియు, కాలికింద మట్టియు లేని చోట యౌవనమెట్లు గడచుచున్నదో ఆనాడు దేశమంతయు చూచినది.

ఇట్టి స్థితిలో నున్న మనస్సునకు స్థిరత్వమెట్లు కలుగును? ప్రకృతి మధ్యమున భూమి నాశ్రయించి చేయు ధ్యానమొక మార్గము. ఇది క్రొత్తగా పుట్టినది కాదు. ధ్యానమునకు చోటు శుచిగాను, ఆసనము మిక్కిలి ఎత్తును మిక్కిలి పల్లమును గాక స్థిరముగాను ఉండవలెనని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. సమతలమై, గులకరాళ్లును నిప్పును లేక, నీటి సవ్వడితో మనస్సున కింపుగా నుండు ప్రదేశమును శ్వేతాశ్వతరోపనిషత్తు సూచించుచున్నది. 1890లో స్వామి వివేకానందులు హిమాలయ యాత్రలో, ఆల్మోరాకు పోవు దారిని కాక్రీఘాట్ వద్ద ఏటి యొడ్డున రావిచెట్టు క్రింద ధ్యానమగ్నులై, పిండాండ బ్రహ్మాండముల యేకత్వము ననుభవించిరి.

పూజారంభమున ఆసనముపై కూర్చుండునపుడు భూదేవిని ప్రార్థించుట మన ఆచారము. సమస్తమును మోయుచున్న తల్లి తనను గూడ మోయుచున్నదని సాధకుడు స్మరించుటయే దాని సారము. సంస్కృతమున ‘క్షమ’ యను మాటకు భూమి యనియు, ఓర్పు అనియు రెండర్థములు కలవు. భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన ఇరువదినలుగురు గురువులలో భూమినే మొదట పేర్కొనెను. ఎవరెంత త్రొక్కినను, త్రవ్వినను భూమి తన ధర్మమును విడువదు. ఆ గుణమును నేర్చుకొనుటకే సాధకుడు భూమిని చేరవలెను.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నివసించువారి కిందుకు దూరము పోవలసిన పనిలేదు. పేట ప్రక్కగా పోవు శంకర్ రోడ్డు సుమారు 864 హెక్టార్ల మధ్య రిడ్జ్ అడవి గుండా సాగుచున్నది. ఆ అడవి వంక బుద్ధజయంతి పార్కు కలదు. ఢిల్లీ రిడ్జ్ ఆరావళి పర్వతశ్రేణికి ఉత్తరపు కొస. అచ్చటి రాళ్ల వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైబడినది. చెట్లలో ఎక్కువ భాగము మన పల్లెలలో సర్కారు తుమ్మ యని పిలువబడునదే. దానిని చూచినంతనే తెలుగు విద్యార్థికి తన ఊరి చెరువుగట్టు జ్ఞప్తికి వచ్చును.

అభ్యాసక్రమ మీ విధముగా నుండదగును.

1. స్థలకాల నిర్ణయము: ప్రాతఃకాలమున వెలుగు వచ్చిన పిదప, జనసంచారముగల ఉద్యానవనము నెన్నుకొనవలెను. అడవి లోపలికి ఒంటరిగా పోరాదు. కోతులుండుచోట తినుబండారములు వెంట నుంచుకొనరాదు. చలికాలమున వాయుకాలుష్యము తీవ్రమైన దినములలో గదిలోనే నేలపై కూర్చుండుట మేలు.

2. నడక: ముండ్లును గాజుపెంకులును లేవని చూచుకొని, పాదరక్షలు విడిచి, పచ్చికపై పది నిమిషములు మెల్లగా నడువవలెను. మడమ మొదలు వ్రేళ్ల వరకు నేల తగులుటను గమనింపవలెను.

3. ఆసనము: చెట్టు క్రింద వెన్ను నిటారుగా నుంచి కూర్చుండి, శరీరభారమంతయు భూమికి అప్పగింపవలెను. భుజములు, దవడ, నుదురు బిగువు సడలవలెను. శ్వాసను సహజముగా సాగనీయవలెను.

4. శ్రవణము: పక్షుల కూతయు, ఆకుల గలగలయు, దూరపు వాహనముల రొదయు సమముగా వినవలెను. మంచిది చెడ్డది యను తీర్పు వలదు. తలపులు వచ్చినచో వానితో పోరాడక, మరల నేలస్పర్శ యందే మనస్సు నుంచవలెను.

5. చింతన: ప్రక్కనున్న రాతిపై చేయి యుంచి, అదెన్ని కాలములు చూచినదో తలపవలెను. ఒక సంవత్సరపు జయాపజయముల పరిమాణ మపుడు తనంతట తానే తెలియును.

6. సమాప్తి: భూమికి నమస్కరించి, ఆ దినమున చేయవలసిన ఒక్క పనిని నిశ్చయించుకొని లేవవలెను.

చదువుటకే కాలము చాలదు, దీనికి తీరిక యెక్కడిదని కొందరనవచ్చును. చెదరిన మనస్సుతో ఒకే పుటను నాలుగుమార్లు చదువుటకు పట్టు కాలమును లెక్కించిన, ఈ అరగంట నష్టము కాదని బోధపడును. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనములో, తొంబది నిమిషములు ప్రకృతిలో నడచినవారికి తమ లోపములను గూర్చి పదే పదే తలపోయు అలవాటు తగ్గినట్లు కనబడెను. రద్దీ రహదారి వెంట నడచినవారి కట్టి మార్పు కలుగలేదు. అది చిన్న అధ్యయనమే. దానినిబట్టి అద్భుతములు ఆశింపరాదు. మట్టిపై కాలు మోపినంతనే సర్వరోగములు పోవునను ప్రచారమును నమ్మరాదు. నిద్రాహారములు మాని, బ్రతుకుపై విరక్తి కలుగుచున్నవారు ధ్యానముతోనే సరిపెట్టుకొనక, ఆప్తులతో చెప్పుకొని వైద్యుని దర్శింపవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినచో లభించును. సాయము కోరుట సాధనకు లోపము కాదు. చెట్టు కూడ వేరుల ద్వారా భూమి సాయమును పొందియే నిలుచును.

ర్యాంకు కొరకై ధ్యానము చేయువాడు ధ్యానమును గూడ మరియొక పరీక్షగా మార్చుకొనుచున్నాడు. కర్మయందే అధికారము గాని ఫలమునందు లేదను గీతాబోధ శ్రద్ధను తగ్గించుకొమ్మని చెప్పుట లేదు. రైతు దుక్కి దున్ని, విత్తనము చల్లి, కలుపు తీయును. వాన తన చేతిలో లేదని ఎరుగును. ఒక యేడు పంట పోయినంతనే తాను రైతును గానని యనుకొనడు. మరుసటి తొలకరికి అరక సిద్ధము చేసికొనును, లేదా ఆ నేలకు తగిన మరియొక పైరు వేయును. పరీక్షార్థి కీ రెండు దారులును గౌరవప్రదములే. ఏ దారి పట్టవలెనో కలతపడిన మనస్సునకు తోచదు. భూమిపై కొంతసేపు నిశ్చలముగా కూర్చుండ నేర్చిన మనస్సునకు తోచును.