కారు డోరు చప్పుడు మారింది... ఎందుకో చెప్పగలరా?

సింగపూర్‌లో కారు కొనడానికి డబ్బుంటే చాలదు. బండి రోడ్డెక్కాలంటే ముందు సీఓఈ అనే పత్రాన్ని వేలంలో పాడుకోవాలి. 1990 మే నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. ఆ పత్రం గడువు పదేళ్లు. 2023 అక్టోబరులో పెద్ద కార్ల కోటాలో ఆ పత్రం ధర 1,50,001 సింగపూర్ డాలర్లు పలికింది. అంత పోసి కొన్న మనిషి బండిలో ఏ చిన్న తేడా వచ్చినా ఊరుకోడు. ఇంజన్ బాగుంది, ఏసీ బాగుంది, అయినా "డోరు వేస్తే మునుపటి చప్పుడు రావట్లేదు" అంటూ సిన్ మింగ్‌లోనో, ఊబీలోనో, కాకి బుకిట్‌లోనో ఉన్న వర్క్‌షాపుకు వస్తాడు. ఆ మాట విన్న టెక్నీషియన్ తర్వాతి పది నిమిషాల్లో ఏం చేస్తాడో చూస్తే చాలు, అతని పనితనం తెలిసిపోతుంది.

ఐటీఐ, పాలిటెక్నిక్, ఆటోమొబైల్ ఇంజినీరింగ్ చదివి సింగపూర్ వైపు చూస్తున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ ఒక్క ఫిర్యాదునే పాఠంగా చెప్పాలనుకుంటున్నాను. స్కానర్ తగిలిస్తే కోడ్ చూపించే లోపాన్ని ఎవరైనా చదువుతారు. డోరు చప్పుడుకు కోడ్ రాదు. చెవి పట్టుకోవాలి, చెయ్యి తడిమి చూడాలి, బుర్ర ఒక వరసలో ఆలోచించాలి. ఈ మూడూ అలవడినవాణ్ని ఏ వర్క్‌షాపూ తేలిగ్గా వదులుకోదు.

స్పానర్ అందుకునే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చప్పుడు ఎప్పటి నుంచి మారింది? ఈ మధ్య ఎక్కడైనా బండి తగిలిందా, టింకరింగ్ చేయించారా? స్పీకర్లు గానీ, గ్లాసు మోటారు గానీ మార్చారా? సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. తర్వాత అదే బండికి అవతలి వైపున్న డోరు వేసి వినాలి. పోల్చి చూసుకోవడానికి అంతకంటే మంచి కొలత లేదు. ముందు అద్దాలన్నీ ఎత్తి వేయండి, తర్వాత ఒక అద్దం దించి వేయండి. అద్దం దించినప్పుడు డోరు సులువుగా పడితే లోపల చిక్కుకున్న గాలి ఎదురు తంతోందని అర్థం. గాలి బయటికి పోయే వెంట్లు మూసుకుపోయాయేమో చూడాలి. కొత్త రబ్బరు బీడింగ్ వేసిన డోరు కూడా కొన్నాళ్లు బిగుతుగానే ఉంటుంది.

ఇక చప్పుడు రకాలు. లోతుగా "ధప్" అనాల్సిన డోరు ఖాళీ డబ్బాలా మోగుతోందంటే, రేకు లోపలి వైపు అంటించిన డ్యాంపింగ్ షీట్లు ఊడిపోయి ఉండొచ్చు. యాక్సిడెంట్ తర్వాత డోరు మార్చినవాళ్లు ఆ షీట్లు వేయకుండానే వదిలేసి ఉండొచ్చు. గలగలమంటే ట్రిమ్ క్లిప్పులు విరిగాయి, లేదా గ్లాసు రెగ్యులేటర్ లూజైంది. వానలు ఎడతెగని ఊరు కాబట్టి డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు చెత్తతో మూసుకుపోయి లోపల నీళ్లు కదులుతున్న చప్పుడూ వస్తుంది. ఇనుము ఇనుముకు తగిలినట్టు "ఠంగ్" అంటే డోరులోని లాచ్ మీద, అది వచ్చి పట్టుకునే, పిల్లర్‌కు బిగించిన స్ట్రైకర్ అనే ఇనుప కొక్కెం మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు అరిగిందేమో చూడాలి. లేదంటే గ్రీజు ఎండిపోయి ఉంటుంది. లాచ్‌కు లిథియం గ్రీజు, రబ్బరు బీడింగ్‌కు సిలికాన్ గ్రీజు వాడాలి. బీడింగ్‌కు మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

అన్నింటికంటే ఎక్కువ తడబడేది రెండు దెబ్బల చప్పుడు దగ్గరే. "టక్... ధబ్" అని విడివిడిగా వినిపిస్తే డోరు, స్ట్రైకర్ ఒక వరసలో లేవని అర్థం. తొందరపడే కుర్రాడు వెంటనే స్ట్రైకర్ బోల్టులు వదులు చేస్తాడు. ఆగండి. డోరు సగం తెరిచి, చివర అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకెత్తండి. హింజ్ దగ్గర కదలిక తెలిస్తే పిన్నులో, బుష్‌లో అరిగాయి. అసలు జబ్బు అక్కడుంది. స్ట్రైకర్‌ను కిందికి దించితే వారం రోజులు బాగానే పడుతుంది, ఆ తర్వాత డోరు ఇంకా జారుతుంది. కస్టమర్ మళ్లీ వస్తాడు, ఈసారి కోపంగా వస్తాడు.

హింజ్ గట్టిగానే ఉందనుకుందాం. డోరును చాలా మెల్లగా మూస్తూ లాచ్ స్ట్రైకర్‌ను అందుకునే క్షణం దగ్గర కళ్లు పెట్టండి. అక్కడ డోరు పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా? స్ట్రైకర్ మీద మాస్కింగ్ టేప్ అంటించి డోరు వేసి తీస్తే లాచ్ ఎక్కడ రాసుకుంటోందో టేపు మీద గీత పడుతుంది. డోరు వేశాక వెనక అంచు మీద వేలు రాయండి. పక్క ప్యానెల్ కంటే ఎత్తుగా ఉంటే స్ట్రైకర్ లోపలికి జరగాలి, లోతుగా ఉంటే బయటికి జరగాలి. బీడింగ్ మధ్య కాగితం ముక్క పెట్టి డోరు వేసి లాగితే ఏ చోట బిగుతు ఉందో, ఏ చోట వదులుందో తెలుస్తుంది. ఇవన్నీ అయ్యాకే స్ట్రైకర్ చుట్టూ మార్కర్‌తో గీత గీసి బోల్టులు కొద్దిగా సడలించాలి, పూర్తిగా ఊడదీయకూడదు. ఒకసారికి ఒక మిల్లీమీటరు, అదీ ఒక దిక్కుకే జరపాలి. ఎత్తూ లోతూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు. చివరగా ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న కొలతకు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ఇది చప్పుడుతో పోయే సంగతి కాదు. లాచ్‌కు రెండు మెట్లుంటాయి. మనవాళ్లు హాఫ్ లాక్ అనేది మొదటి మెట్టు. స్ట్రైకర్ తప్పుగా జరిపితే డోరు మూసినట్టే కనిపించి హాఫ్ లాక్‌లో ఆగిపోవచ్చు. ప్రపంచ దేశాలు కలిసి వాహనాలకు రాసుకున్న ఉమ్మడి సాంకేతిక నిబంధనల్లో మొట్టమొదటిది, 2004 నవంబరులో ఆమోదించినది, డోర్ లాకులూ హింజ్‌ల గురించే. ట్రిమ్ విప్పాల్సి వస్తే ఇంకో జాగ్రత్త ఉంది. చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ను పనిచేయించే ప్రెషర్ సెన్సర్ డోరులోనే ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ పొరను తిరిగి సరిగా అంటించకపోతే ఆ సెన్సర్ కొలత తప్పుతుంది. వానకాలంలో నీళ్లూ లోపలికి వస్తాయి.

ఇలా చప్పుడు పట్టే చెవికి ముందు ముందు ఇంకా పని పెరుగుతుంది. 2030 నుంచి సింగపూర్‌లో కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నీ కాలుష్యం తక్కువగా ఉండే ఇంధనాలవే కావాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ఎలక్ట్రిక్ కారులో ఇంజన్ మోత ఉండదు కాబట్టి, ఇన్నాళ్లూ దాని వెనక దాగిన చిన్న చప్పుళ్లన్నీ బయటపడతాయి. 1980లో బుకిట్ తిమాలోని ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్ల తయారీ లేని ఆ దేశంలో, 2023 నవంబరులో జురాంగ్ దగ్గర హ్యుందాయ్ ఏడాదికి 30,000 ఎలక్ట్రిక్ కార్లు చేయగల కేంద్రాన్ని తెరిచింది. అక్కడ బిగింపులు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి రోబో కుక్కలు తిరుగుతుంటాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు డోరు చప్పుడు ఇంకో దారి కూడా చూపిస్తుంది. శబ్దం, కంపనాల మీద పనిచేసే ఎన్‌వీహెచ్ విభాగంలో డోరు పడే చప్పుడును మైకులతో కొలిచి తీర్చిదిద్దడమే ఒక ఉద్యోగం. పుణెలోని ఏఆర్ఏఐ ఈ రంగంలో మన దేశంలో పేరున్న సంస్థ.

చదువు విషయానికొస్తే, పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటర్ వెహికల్ ట్రేడు అందరికీ తెలిసిందే. ఏడాది ఆటో బాడీ రిపేర్ ట్రేడు గురించి అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో డోర్లు, ప్యానెళ్లు, గ్యాపులు నేర్చుకోవడానికి అదే మేలు. వరల్డ్‌స్కిల్స్ పోటీల్లో ఆటోబాడీ రిపేర్ ఒక ప్రత్యేక విభాగం. చేసిన ప్రతి పనికీ ఫిర్యాదు ఏమిటి, ఏం పరీక్షించాను, ఏం దొరికింది, ఎంత జరిపాను అని ఫొటోలతో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ తర్వాత చూపించాల్సింది ఆ పుస్తకమే. సింగపూర్‌లోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. తమిళం అక్కడి అధికార భాషల్లో ఒకటి కాబట్టి చిత్తూరు సరిహద్దు పిల్లలకు అది కొంత కలిసొస్తుంది. ఇంగ్లిష్ మాత్రం తప్పదు.

వీసా సంగతి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. వర్క్‌షాపులు సేవారంగం కిందికి వస్తాయి. ఆ రంగంలో వర్క్ పర్మిట్ ప్రధానంగా మలేసియా, చైనా లాంటి కొన్ని దేశాలవాళ్లకే. 2023 సెప్టెంబరు నుంచి వెల్డర్లు, రేకు పనివాళ్ల వంటి కొన్ని వృత్తుల్లో భారతీయులకూ వీలు కల్పించారు. ఆ జాబితా మారుతుంటుంది కాబట్టి మీ వృత్తి పేరు ఇప్పుడు అందులో ఉందో లేదో అక్కడి మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో చూడండి. టెక్నీషియన్ స్థాయికి మిగిలిన దారి ఎస్ పాస్ అనే మరో రకం ఉద్యోగ అనుమతి. దానికి 2025 సెప్టెంబరు నుంచి కనీస జీతం 3,300 సింగపూర్ డాలర్లు, వయసును బట్టి పెరుగుతుంది. సేవారంగంలో మొత్తం సిబ్బందిలో పది శాతానికే ఎస్ పాస్ ఇస్తారు. అంటే పదిమంది పనిచేసే గ్యారేజీలో ఒక్కరికే. నలుగురు పనిచేసే షాపులో ఎస్ పాస్ ఇప్పిస్తానని ఏజెంటు అన్నాడంటే అతని లెక్కలో ఏదో తేడా ఉంది.

సింగపూర్ ఏజెన్సీ మీ దగ్గర తీసుకోగల ఫీజుకు అక్కడి చట్టం హద్దు పెట్టింది. ఒప్పందంలోని ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం, మొత్తమ్మీద రెండు నెలల జీతం మించకూడదు. ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో అదే మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో తెలుస్తుంది. మన వైపు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే, విదేశీ ఉద్యోగాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, ముందు వాళ్లను అడగండి. పాస్‌కు అనుమతి వచ్చినట్టు తెలిపే ఐపీఏ లెటర్ చేతికొచ్చాక అందులో యజమాని పేరు, ఉద్యోగం పేరు, జీతం మీకు చెప్పినవేనా అని సరిచూసుకుని, అప్పుడే టికెట్ కొనండి.