పుట్టి కారితే ఏం చేయాలి?

గద్వాల దగ్గర కృష్ణా నది నడుమ గుర్రంగడ్డ ఊరుంది. చుట్టూ నీళ్లే. ఆ ఊరివాళ్లు ఎన్నో ఏండ్లు పుట్టి మీదే నది దాటారు. జాలర్లకూ పుట్టే ఆధారం.

పుట్టిని వెదురు బద్దలతో గుండ్రంగా, బుట్టలా అల్లుతారు. వెనకట దానికి తోలు కప్పేవారు. తర్వాత ప్లాస్టిక్ సంచులు కప్పి తారు పూయడం వచ్చింది. రాయి గీసుకున్నా, తారు పగిలినా పుట్టి కారుతుంది.

"కొన్ని నీళ్లే కదా, చెంబుతో తోడుదాం" అంటారు కొందరు. అది ప్రమాదం. లీటరు నీళ్లు కిలో బరువు. 20 లీటర్లు చేరితే 20 కిలోలు పెరిగినట్టే. ఆ నీళ్లన్నీ ఒక పక్కకు చేరితే పుట్టి బోల్తా పడుతది.

లోపల తడి కనిపించిన చోటే చిల్లు ఉందనుకోవద్దు. నీళ్లు సంచికీ బద్దలకూ నడుమ పారి వేరేచోట తేలుతయి. అందుకే ఇట్లా చేయాలి.

1. పుట్టిని ఒడ్డున రాళ్ల మీద ఎత్తి పెట్టాలి.

2. లోపల రెండు బిందెల నీళ్లు పోసి, అటూ ఇటూ వంచాలి. బయట ఎక్కడ కారుతుందో చూసి గుర్తు పెట్టాలి.

3. నీళ్లు ఒంపి, బోర్లించి, ఎండబెట్టాలి. తడి మీద తారు అంటదు.

4. పగిలిన తారు గీకాలి. చిల్లుకన్నా పెద్ద గుడ్డ వేసి, బయటి నుంచి కరిగించిన తారు పూయాలి. వేడి తారు దగ్గరికి పిల్లలను రానీయొద్దు.

5. తారు గట్టిపడ్డాక, లోతులేని నీళ్లలో వేసి చూడాలి. చుక్క కారకుంటేనే మనుషులను ఎక్కించాలి.

పుట్టి ఒకరోజు ఆగితే ఆ రోజు కూలి పోతది. కారే పుట్టి ఎక్కితే ప్రాణమే పోవచ్చు.

లెక్క చెప్పండి: పుట్టిలో 35 లీటర్ల నీళ్లు చేరితే ఎంత బరువు పెరుగుతుంది?